కొత్తయి గూడ ఉన్నయ్ తమ్మీ

మన క్లబ్ వాట్సాప్ గ్రూపులో "ఈసారి అందరూ ఏదో ఒకటి రాయండి" అని మెసేజ్ వచ్చినప్పుడు ఎప్పటిలా థంబ్స్ అప్ పెట్టి ఊరుకున్నా. నాకూ తెలుగుకీ మధ్య దూరం నాకు తెలుసు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. పదో తరగతి వరకు తెలుగు ఒక సబ్జెక్టు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. మీలో సగం మంది కథ ఇదే కాబట్టి నవ్వకండి. కానీ 2024 నవంబరులో ఒక పని చేశా. దాని గురించి ఇంగ్లిష్‌లో రాస్తే అర్థం ఉండదు. అందుకే ఇలా తప్పో ఒప్పో రాస్తున్నా.

మా పెద్దమ్మ కూతురు, నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియం. 2022 చివర్లో గ్రూప్-2 నోటిఫికేషన్ రాగానే హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్‌లో హాస్టల్లో చేరింది. గదికి నలుగురు. మేముండేది చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభకి దగ్గర్లో ఒక గల్లీలో. నడిస్తే పావుగంట దూరం. ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చి అన్నం తిని, బట్టలు ఉతుక్కుని వెళ్లేది. మిగతా రోజులన్నీ సిటీ సెంట్రల్ లైబ్రరీ. ఆ రోడ్డు మీద ఎప్పుడైనా వెళ్లిన వాళ్లకి చెప్పక్కర్లేదు. లోపల కుర్చీ దొరకని వాళ్లు బయట చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని చదువుతుంటారు.

ఆ పరీక్ష సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దాని చుట్టూనే. 783 పోస్టులు. 2022 డిసెంబరు 29న నోటిఫికేషన్. మొదట 2023 ఆగస్టులో పరీక్ష అన్నారు. తర్వాత నవంబరు. తర్వాత 2024 జనవరి. తర్వాత ఆగస్టు. చివరికి జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. అంటే ఒకే సిలబస్‌ని అక్క రెండేళ్లు మోసింది. చదివింది మర్చిపోకుండా ఉండాలి. మారినవి మార్చుకోవాలి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే తన బుర్రని రెండేళ్లు అప్‌డేట్ చేస్తూనే ఉండాలి.

దానికి అక్క దగ్గర ఒక పద్ధతి ఉంది. నోట్సు రాసుకున్నాక దాన్ని తనే పైకి చదివి ఫోన్‌లో రికార్డ్ చేసుకునేది. ఒక్కోటి ఇరవై నిమిషాలు. హాస్టల్ నుంచి లైబ్రరీకి నడుస్తూ, బట్టలు ఉతుకుతూ, పడుకునే ముందు ఇయర్‌ఫోన్స్‌లో తన గొంతు తనే వినేది. "కోచింగ్ సార్ల గొంతు వింటె నిద్రొస్తది. నా గొంతు వింటె నాకే భయమైతది, అందుకే మంచిగ గుర్తుంటది" అనేది.

అక్టోబరులో, దసరా సెలవుల్లో, ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "తమ్మీ, నువ్వు కంప్యూటర్ చదువుతున్నవ్ గదా. ఇవన్నీ నీ లాప్‌టాప్ల ఒక కాపీ ఉంచు. ఫోన్ ఖరాబైతె నా పని ఖతం."

కేబుల్ పెట్టి కాపీ చేశా. 117 ఫైళ్లు. పది నిమిషాల పని. ఏదో గొప్ప సాయం చేసినట్టు ఫీలై మిర్చి బజ్జీలు ఇప్పించుకున్నా.

నవంబరులో అక్కకి ఇంకో ఆలోచన వచ్చింది. పరీక్షకు నెల ఉందనగా స్మార్ట్‌ఫోన్ మానేసి కీప్యాడ్ ఫోన్ వాడాలని. ఫోన్ చేతిలో ఉంటే రికార్డింగ్ వినడానికి తీసి రీల్స్‌లోకి వెళ్లిపోతున్నానని తనే ఒప్పుకుంది. పరీక్షలు రాసేవాళ్లు చాలామంది ఆఖర్న ఇదే చేస్తారట. మరి రికార్డింగులు ఎలా? నారాయణగూడలో ఒక షాపులో చిన్న ఎంపీ3 ప్లేయర్ కొన్నది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, అంగుళం స్క్రీను, మెమరీ కార్డు పెట్టే సందు. "ఫోన్ల కార్డు తీసి గీండ్ల పెడితె అయిపోతది గదా?" అంది.

అవ్వలేదు. అక్కడ మొదలైంది నా ఫ్రస్ట్రేషన్.

మొదటిది, ఫోన్ రికార్డ్ చేసేది ఎం4ఏ ఫార్మాట్‌లో. ఈ ప్లేయర్‌కి ఎంపీ3 తప్ప వేరేది తెలీదు. సరే, మార్చొచ్చు. ఎఫ్‌ఎఫ్ఎంపెగ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక్క కమాండ్‌తో మొత్తం ఫోల్డర్ మారిపోతుంది.

రెండోది, పేర్లు. అక్క ప్రతి ఫైలుకీ తెలుగులో పేరు పెట్టింది. ప్లేయర్ స్క్రీన్ మీద అన్నీ డబ్బాలే. ఒక డబ్బా, రెండు డబ్బాలు, పదమూడు డబ్బాలు. పాత ఎంపీ3 ట్యాగుల్లో పాట పేరుకి ఇచ్చే చోటు 30 బైట్లు. ఇంగ్లిష్‌లో ఇన్‌ఫ్లేషన్ అని రాస్తే తొమ్మిది అక్షరాలు, తొమ్మిది బైట్లు. తెలుగులో ద్రవ్యోల్బణం అని రాస్తే కంటికి కనిపించేది నాలుగు అక్షరాలే. కానీ యూనికోడ్‌లో ఒత్తులు, గుణింతాలు, సున్నా అన్నీ విడివిడిగా లెక్క. ద, పొల్లు, ర, వ, పొల్లు, య, ఓత్వం, ల, పొల్లు, బ, ణ, సున్నా. మొత్తం పన్నెండు. యూటీఎఫ్-8లో తెలుగుది ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి 36. అంటే ద్రవ్యోల్బణం అనే ఒక్క మాట ఆ పెట్టెలో పట్టదు. ఇది కనిపెట్టి నేను తెగ సంబరపడ్డా. ఫ్రెండ్స్‌కి స్క్రీన్‌షాట్ కూడా పంపా. ఆ మాటకి అర్థం ఏంటో మాత్రం అప్పటికి నాకు తెలీదు. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తా.

మూడోది అన్నిటికన్నా చిరాకు పెట్టింది. ఫైళ్ల ముందు 001, 002 అని నంబర్లు పెట్టినా ప్లేయర్ వరస తప్పి వాయించేది. తర్వాత తెలిసింది, ఇలాంటి చవక ప్లేయర్లు చాలావరకు పేర్లు చూడవు. కార్డులో ఏ ఫైలు ముందు చేరితే దాన్నే ముందు వాయిస్తాయి. పెళ్లి భోజనాల్లో ముందొచ్చిన వాళ్లకి ముందు వడ్డన, టోకెన్ నంబర్లు ఎవరూ చూడరు. కాబట్టి మొత్తం తుడిచి, ఒకటి తర్వాత ఒకటి వరసలో ఎక్కించాలి.

అంటే ప్లాన్ ఇది. లాప్‌టాప్‌లో అన్నీ ఎంపీ3లుగా మార్చి, వరసలో పెట్టి, ఆ ఫోల్డర్ ఎలా ఉందో అచ్చం అలాగే కార్డు ఉండేట్టు చెయ్యాలి. కార్డులో పాతవి ఏమున్నా పోవాలి. దీనికి ఆర్‌సింక్ అనే టూల్ ఉంది. 1996 నుంచి ఉంది, లాప్‌టాప్‌ల నుంచి పెద్ద పెద్ద సర్వర్ల దాకా వాడతారు. డిలీట్ అనే ఆప్షన్ ఇస్తే, ఇటువైపు లేనిది అటువైపు ఉంటే తీసేస్తుంది.

నవంబరు 17, ఆదివారం. పరీక్షకు సరిగ్గా నాలుగు వారాలు. అక్క అన్నం తింటూ అంది, "కొత్తయి గూడ ఉన్నయ్ తమ్మీ. దసరా తర్వాత చేసినవి. అవి గూడ ఎక్కియ్యాలె."

"చూస్తా అక్కా" అని ఫోన్‌కి కేబుల్ పెట్టా. ఫోల్డర్ తెరిచా. 117 ఫైళ్లు. మళ్లీ రిఫ్రెష్ కొట్టా. 117.

"కొత్తవేం లేవక్కా. అన్నీ నా దగ్గర ఉన్నాయి."

"ఉన్నయ్ రా. టీజీపీఎస్‌సీ అని వేరే ఫోల్డర్ చేసి అండ్ల పెట్టిన."

"అలాంటి ఫోల్డరే లేదు. నువ్వు ఇందులోనే పెట్టి ఉంటావు."

అక్క చెయ్యి కడుక్కోవడానికి లేచింది. "నీకే ఎర్కుండాలె" అంటూ వెళ్లిపోయింది. నేను ఆమె మాట కన్నా స్క్రీన్ మాట నమ్మా.

అక్క హాస్టల్‌కి వెళ్లాక ఫోన్‌లోంచి కార్డు తీసి, అడాప్టర్‌లో పెట్టి, లాప్‌టాప్‌కి గుచ్చి, కమాండ్ కొట్టా. టెర్మినల్‌లో డిలీటింగ్, డిలీటింగ్ అంటూ లైన్లు పరిగెత్తాయి. పాత ఎం4ఏలు పోతున్నాయి, పోవాల్సిందే కదా అని చూస్తున్నా. మధ్యలో ఒక పేరు కళ్లకి తగిలింది. "కొత్త సర్వే లెక్కలు 3." నా దగ్గర అలాంటి పేరు లేదు. దాని వెనకే ఇంకోటి. ఇంకోటి. కంట్రోల్ సీ కొట్టేసరికి తుడవడం అయిపోయి, కొత్త ఫైళ్లు రాయడం మొదలైంది.

లెక్క తర్వాత తేలింది. కొత్తవి 31.

అసలు ఏమైందో చెప్తా, ఎందుకంటే ఇది మీకూ అవ్వొచ్చు. ఒకప్పుడు ఫోన్‌ని కంప్యూటర్‌కి పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపించేది. అంటే బీరువా తాళం మొత్తం కంప్యూటర్‌కి ఇచ్చేసినట్టు. అంతసేపూ ఫోన్ తన మెమరీని తనే ముట్టుకోడానికి ఉండేది కాదు. అందుకని తర్వాత ఎంటీపీ అనే పద్ధతికి మారారు. మైక్రోసాఫ్ట్ మొదట ఎంపీ3 ప్లేయర్ల కోసం చేసింది, 2008లో యూఎస్‌బీ ప్రమాణాల్లో చేరింది. ఇది లైబ్రరీ కౌంటర్ లాంటిది. మనం లోపలికి వెళ్లి అరలు చూడలేం. చీటీ రాసిస్తే లైబ్రేరియన్ కేటలాగ్ చూసి, ఉందో లేదో చెప్తాడు. ఎవరైనా పుస్తకాన్ని ఒక అర నుంచి ఇంకో అరకి మార్చి కేటలాగ్‌లో రాయకపోతే? పుస్తకం లోపలే ఉంటుంది. కౌంటర్ మాత్రం లేదంటుంది.

అక్క చేసింది అదే. మన రాష్ట్రం కోడ్ టీఎస్ నుంచి టీజీ అయ్యాక, సర్వీస్ కమిషన్ పేరు కూడా మారింది కదా. అక్క కొత్త ఫోల్డర్‌కి కొత్త పేరు పెట్టి, ఫైల్ మేనేజర్‌తో కొత్త రికార్డింగులు అందులోకి మార్చింది. ఫోన్ కేటలాగ్‌కి ఆ సంగతి తెలీదు. ఒక్కసారి ఫోన్ ఆపి ఆన్ చేసి ఉంటే బహుశా కనిపించేది. లేదా కార్డు పెట్టాక ఒక్కసారి ఫోల్డర్ తెరిచి చూసి ఉంటే చాలు. ఇంకా సింపుల్‌గా, అక్క ఫోన్‌లో అక్క చేతే ఓపెన్ చేయించి ఉంటే సరిపోయేది.

పైగా పోయినవి ఏవో కావు. ఆ ఏడాది బడ్జెట్‌తో వచ్చిన సామాజిక ఆర్థిక సర్వే లెక్కలు, నాలుగో పేపర్ రివిజన్. పాత 117లో ఉన్నవి పాత సర్వే అంకెలు. అంటే నేను జాగ్రత్తగా దాచింది పాతబడిన లెక్కల్ని, తుడిచింది పనికొచ్చేవాటిని.

ఆ రాత్రి చెప్పలేదు. పొద్దున్నే కాలేజీ బస్సు ఎక్కకుండా లైబ్రరీకి వెళ్లా. అక్క గోడవైపు కుర్చీలో కూర్చుని ఉంది. చెప్పా. ఏడుస్తుందనుకున్నా, తిడుతుందనుకున్నా. పెన్ను మూత పెట్టింది. "నేను చెప్పిన గదా" అంది. అంతే. మళ్లీ మూత తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. నేను అక్కడే కాసేపు నిలబడి వచ్చేశా. ఇప్పటికీ ఆ మూడు మాటలే గుర్తొస్తాయి. తిట్టినా బాగుండేది.

అక్కడి నుంచి నారాయణగూడ నడిచా, ప్లేయర్ కొన్న షాపుకే. ఆయన పాత ఫోన్లు బాగుచేస్తాడు. కార్డు చూపించగానే ఒకటే అడిగాడు.

"డిలీట్ అయినాంక దీని మీద ఏమన్న రాసినవా తమ్ముడూ?"

"కొంచెం."

"ఇంకేం రాయకు. పేరు పోయింది గానీ మాల్ లోపలే ఉంటది. దాని మీద కొత్తది పడితెనే పోతది."

ఆయన చెప్పింది మా సిలబస్‌లో ఉన్నదే. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లో డిలీట్ అంటే ఫైలు చెరిపేయడం కాదు. పేరు ముందు ఒక గుర్తు పెట్టి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. లోపలి డేటా మీద కొత్తది పడేదాకా పాతది అలాగే ఉంటుంది. పరీక్షలో ఐదు మార్కులకి రాశా కూడా. నా చేతిలో కార్డు ఉన్నప్పుడు గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి డాడీకి చెప్పాల్సి వచ్చింది, కాలేజీ ఎందుకు ఎగ్గొట్టావని అడిగారు కాబట్టి. ఆయన అడాప్టర్ తీసి అటూ ఇటూ తిప్పి, పక్కనున్న చిన్న గొళ్లెం లాంటిది చూపించారు. "ఇదేంటి?"

"లాక్. ఇది కిందికి జరిపితే కార్డు మీద ఏం రాయలేం, ఏం తుడవలేం."

"మరి జరపలేదేం?"

డాడీ వాళ్ల రోజుల్లో క్యాసెట్ షాపుకి పాటల లిస్టు రాసి ఇస్తే, అరవై నిమిషాల క్యాసెట్‌లో అటు అరగంట, ఇటు అరగంట నింపి ఇచ్చేవాళ్లట. ఇంటికి తేగానే మొదటి పని, క్యాసెట్ వీపు మీదున్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు స్క్రూడ్రైవర్‌తో విరగ్గొట్టడం. అవి లేకపోతే రికార్డ్ బటన్ లోపలికి దిగదు. ఇంట్లో చిన్నపిల్లలు ఏ బటన్ నొక్కినా పాటలు భద్రం. "మీ అత్త పెళ్లి క్యాసెట్‌కి అది విరగ్గొట్టలేదు. సగం మంత్రాలు, సగం క్రికెట్ కామెంటరీ" అన్నారు. నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

అడాప్టర్ లాక్ జరిపి, ఫోటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టా. రాత్రంతా నడిచింది. ఫైళ్లు వచ్చాయి, వందకి పైగా. కానీ పేర్లు లేవు. ఎఫ్ అనే అక్షరం, దాని వెనక ఏడంకెలు. అంతే. పేరు ఉండేది వేరే చోట, డేటా ఉండేది వేరే చోట కాబట్టి అది డేటా మాత్రమే తెస్తుంది. నా దగ్గరున్న 117తో చెక్‌సమ్‌లు పోల్చి, సరిపోయినవి పక్కన పెట్టా. తలాతోకా తెగి ఆడనివి తీసేశా. మిగిలినవి 22. అంటే తొమ్మిది పూర్తిగా పోయాయి. నేను కంట్రోల్ సీ కొట్టేలోపు వాటి మీద కొత్త ఎంపీ3లు పడ్డాయి.

ఇప్పుడు ఆ 22కి పేర్లు పెట్టాలి. అక్కని అడిగే ముఖం లేదు. ఒక్కటే దారి, వినడం.

ఒక్కోటి ఇరవై నిమిషాలు. కలిపితే ఏడు గంటల పైన. మొదటి నిమిషం విని పేరు పెట్టేయొచ్చనుకున్నా. కానీ అక్క చాలాసార్లు పేరు చెప్పకుండా మధ్యలోంచి మొదలుపెట్టేది. దేని గురించి చెప్తోందో నాకు అర్థమయ్యేది కాదు. కోశ లోటు, తలసరి ఆదాయం, స్థూల రాష్ట్ర దేశీయోత్పత్తి. ఒక్కో మాట దగ్గర ఆపి, గూగుల్ చేసి, "ఓ, ఇదా" అనుకుని మళ్లీ ప్లే కొట్టేవాణ్ణి. ద్రవ్యోల్బణం దగ్గరికి వచ్చినప్పుడు సిగ్గేసింది. ఆ మాట ఎన్ని బైట్లో చెప్పగలను. దానికి అర్థం మాత్రం, ఇదిగో, ధరలు పెరగడం అని అక్క నెమ్మదిగా చెప్తుంటే నేర్చుకుంటున్నా.

ఒక రికార్డింగ్‌లో 1921 సంగతి వచ్చింది. ఆ నవంబరులో హైదరాబాద్‌లో వివేకవర్ధిని థియేటర్‌లో ఒక సంఘ సంస్కరణ సభ. అందరూ ఇంగ్లిష్‌లో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడటం మొదలుపెడితే గోల చేసి ఎగతాళి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఇంకోదాంట్లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. అది సుల్తాన్ బజార్‌లో ఉందట. నారాయణగూడ నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్. అటువైపు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు, ఆ పేరు వినడం అదే మొదలు.

పాఠాలతో పాటు వేరేవి కూడా వినపడ్డాయి. హాస్టల్ గదిలో కుక్కర్ విజిల్. "లైట్ బంజెయ్ అక్కా" అని ఎవరో అమ్మాయి గొంతు, అక్క వెంటనే గొంతు తగ్గించి గుసగుసగా చదవడం. ఒకచోట మా పెద్దమ్మ ఫోన్. రికార్డింగ్ ఆపడం మర్చిపోయింది. "ఈసారి పక్కా పెడ్తరంటనా బిడ్డా?" అని అడుగుతోంది పెద్దమ్మ. "పెడ్తరమ్మా" అంటోంది అక్క. "పోయినసారి గట్లనే అంటివి." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అక్క గొంతు సవరించుకుని, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టింది. "ఆరు సూత్రాల పథకం, 1973."

ఆ భాగం నేను కట్ చెయ్యలేదు. అది నేను తియ్యాల్సింది కాదనిపించింది.

ఆదివారం అక్క రాలేదు. నేనే వెళ్లా. 22 పేర్లున్న లిస్టు ఇచ్చా. పేర్లన్నీ తెలుగులో, చేత్తో రాసి. చూసింది. రెండు అక్షరదోషాలు దిద్దింది. "మిగిలిన తొమ్మిది?" అంది. "రాలేదు" అన్నా. చాలాసేపు ఏం అనలేదు. తర్వాత సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి ఇచ్చింది. "నాకు టైం లేదు. నువ్వు చదివి రికార్డ్ చెయ్."

"నేనా?"

"తుడిసింది నువ్వే గదా."

వారం పట్టింది. మా ఇంట్లో ఫ్యాన్ చప్పుడు రికార్డ్ అవుతుందని ఆపేసి, చెమటలు కక్కుతూ చదివా. అక్క చేతిరాత చదవడం ఒక పరీక్ష, తెలుగు పైకి చదవడం ఇంకో పరీక్ష. ఒత్తుల దగ్గర ఆగిపోయేవాణ్ణి. 610 జీవో అమలు మీద 2001లో వేసిన ఏకసభ్య కమిషన్ పేరు గిర్‌గ్లానీ. నాలుక తిరగదు. గిర్గిలానీ, గిల్‌గ్రానీ, మూడోసారి నాకే నవ్వొచ్చింది. మళ్లీ మొదట్నుంచి చదివే ఓపిక లేక నవ్వుతో సహా వదిలేశా.

తొమ్మిదీ పూర్తిచేసి, ఈసారి ఏ సింకూ లేకుండా, ఒక్కో ఫైలూ చేత్తో వరసలో కాపీ చేసి, కార్డు లాక్ చేసి చూసుకుని, అక్క ఎదురుగానే ప్లేయర్‌లో పెట్టి ఇచ్చా. "అన్నీ ఉన్నాయా చూడక్కా" అన్నా. ఆమె ఒక్కోటి నొక్కి చూసేదాకా కదల్లేదు.

డిసెంబరు 16, సోమవారం, రెండో రోజు. పొద్దున పదింటికి మూడో పేపరు, మధ్యాహ్నం మూడింటికి నాలుగోది. లోపలికి ఏ ఎలక్ట్రానిక్ వస్తువూ తీసుకెళ్లకూడదు కాబట్టి ప్లేయర్ పట్టుకుని బయట నిలబడే ఉద్యోగం నాది. పన్నెండున్నర దాటాక అక్క బయటికి వచ్చింది. పేపర్ ఎలా ఉందని అడగొద్దని ముందే చెప్పింది. గోడ పక్కన కూర్చుని మమ్మీ పంపిన పెరుగన్నం తింటూ ఒక ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటక్కా?"

"గిర్‌గ్లానీ. ఇగ జన్మల మర్చిపోను తమ్మీ."

ఆ తర్వాత ఏమైందో ఇక్కడ రాయను. అది అక్క కథ, ఆమె చెప్పుకోవాలి. నాకు తెలిసింది మాత్రం మీకు చెప్తా, కాస్త సీనియర్‌లా ఫీలై. డిలీట్ ఉన్న ఏ కమాండ్ అయినా ముందు డ్రై రన్ కొట్టండి. ఏం చేస్తుందో చేయకుండానే చూపిస్తుంది. కేబుల్‌లో కనిపించే లెక్క నమ్మకండి, ఫోన్‌లో ఉన్న లెక్కతో సరిచూడండి. సింక్ అంటే రెండు చోట్ల ఒకేలా ఉంచడం అని మనం చదువుకున్నాం. కానీ ఆ రెండిట్లో ఏది అసలుదో సాఫ్ట్‌వేర్‌కి తెలీదు, మనం చెప్పిందే నమ్ముతుంది. కాబట్టి నొక్కే ముందు, ఆ ఫైళ్లు ఎవరివో వాళ్లని అడగండి. వాళ్లు "కొత్తయి గూడ ఉన్నయ్" అంటే, ఉన్నట్టే.

ప్లేయర్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. వాడుకో అని అక్క ఇచ్చేసింది. అందులో పాటలు ఎక్కిద్దామని చాలాసార్లు అనుకున్నా. కార్డు లాక్ మాత్రం ఇంకా తియ్యలేదు.